నల్లబడిన ఇత్తడి కుందులను శుభ్రపరచి పొగలేని దీపం వెలిగించడం ఎలా?

దసరా ముగిసి కుమార పున్నమి (ఆశ్వయుజ పున్నమి) దగ్గరపడగానే ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలోనూ, బరంపురం, గునుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలోనూ అటకల మీది ఇత్తడి కుందులు కిందికి దిగుతాయి. అవి దిగిన మరునాటి నుంచి నన్ను అడిగే ప్రశ్నలు కూడా ఏటా అవే. అమ్మమ్మ నాటి కుంది ఎంత తోమినా నలుపు వదలడం లేదని కొందరు, తోమాక ఎర్రగా మచ్చలు పడ్డాయని కొందరు, దీపం పెట్టిన పావుగంటకే కొండెక్కుతోందని మరికొందరు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొదటి నుంచి చివరి దాకా ఒకచోట రాస్తున్నాను. ఇందులో సగం మా అత్తగారు నేర్పినది, మిగతా సగం నేను పాడుచేసుకుని నేర్చుకున్నది.

పని మొదలుపెట్టే ముందు ఎన్ని రోజుల దీపానికి సిద్ధపడాలో లెక్క వేసుకోండి. సరిహద్దు ఊళ్లలో కార్తికం రెండుసార్లు మొదలవుతుంది. ఒడియా వారి నెల పున్నమితో ముగుస్తుంది కనుక వారి కార్తికం కుమార పున్నమి మరునాడే ఆరంభమై కార్తిక పున్నమితో పూర్తవుతుంది. మన నెల అమావాస్యతో ముగుస్తుంది కనుక మన కార్తికం దీపావళి మరునాటి పాడ్యమితో మొదలై ఆ తరువాతి అమావాస్య దాకా నడుస్తుంది. ఉమ్మడిగా ఉండేది మధ్యలోని శుక్లపక్షం ఒక్కటే. ఇరుగుపొరుగుతో కలిసి రెండూ పాటించే ఇళ్లలో దీపం దాదాపు నలభై అయిదు రోజులు వెలుగుతుంది కాబట్టి వత్తులూ నూనే ఆ లెక్కనే చూసుకోవాలి.

కావలసినవి

చింతపండు నిమ్మకాయంత ఉండ, రాతి ఉప్పు ఒక చెంచా, చాకలి సోడా ఒక చెంచా, వేడినీళ్లు ఒక లీటరు, జల్లించిన మెత్తని బూడిద లేదా బియ్యప్పిండి గుప్పెడు, కొబ్బరి పీచు, పాత పళ్ల బ్రష్షు, చివర చెక్కిన వెదురు పుల్ల, రెండు పాత నూలు గుడ్డలు, ఒక చిన్న అయస్కాంతం సిద్ధం చేసుకోండి. దీపానికి గింజలు తీసిన పత్తి, నువ్వుల నూనె లేదా ఆవు నెయ్యి, కుంది అడుగున పెట్టడానికి అంచున్న పళ్లెం, వత్తిని ఎగదోయడానికి ఒక ఇత్తడి పుల్ల కావాలి. వంటింట్లో గ్రాములు చూపే ఎలక్ట్రానిక్ కాటా ఉంటే మొదటి మెట్టులోనే పనికి వస్తుంది. ఇనుప పీచు, చాకు, గరుకు కాగితం అసలు దగ్గర పెట్టుకోవద్దు. దగ్గర ఉంటే చెయ్యి వాటి మీదికే పోతుంది.

1. ముందుగా కుంది దేనితో చేసినదో తెలుసుకోండి

రాగిలో తుత్తునాగం (జింకు) కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. ఇనుము మీద గాని అల్యూమినియం మీద గాని ఇత్తడి రంగు పూత వేసి అమ్మే కుందులు కూడా ఉన్నాయి, వాటికి పులుపు తగిలితే పూత లేచిపోతుంది. కొన్నేళ్ల క్రితం తిరునాళ్లలో ఒక దుకాణంలో నేను ముచ్చటపడి కొన్న జత ఇలాంటిదే. మొదటి తోముడుకే వత్తి కొస ఆనే ముక్కు దగ్గర పూత చిట్లి లోపల తుప్పు కనిపించింది.

అయస్కాంతం ఆనించి చూడండి. కుంది అంతటా అతుక్కుంటే అది ఇనుము. నిలువు సెమ్మెల్లో మధ్య భాగం దగ్గర మాత్రమే అతుక్కుంటే కంగారు పడనవసరం లేదు, భాగాలను బిగించే లోపలి కడ్డీ ఇనుముది అయి ఉంటుంది. అల్యూమినియానికీ తుత్తునాగానికీ అయస్కాంతం అతుక్కోదు కనుక ఈ ఒక్క పరీక్షతో సరిపెట్టుకోకూడదు.

కాటా ఉన్నవారు ఇలా చేయండి. కుందిని ముందు మామూలుగా తూచి అంకె రాసుకోండి. తరువాత కుంది పూర్తిగా మునిగేంత నీళ్లున్న గిన్నెను కాటా మీద పెట్టి సున్నాకు తెచ్చి, కుందిని దారంతో కట్టి అడుగుకూ అంచులకూ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. అప్పుడు కాటా చూపే అంకెతో మొదటి అంకెను భాగించండి. ఉదాహరణకు 510 గ్రాముల కుందిని ముంచినప్పుడు కాటా 60 చూపితే భాగహారం 8.5 వస్తుంది. ఇత్తడికి 8.4 నుంచి 8.7 మధ్య రావాలి. ఇనుముకు 7.8, తుత్తునాగానికి 7.1, అల్యూమినియానికి 2.7 దగ్గర వస్తుంది. పీఠం కింద గాలి బుడగ చిక్కుకున్నా, పీఠంలో బరువు కోసం లక్క గాని సిమెంటు గాని నింపి మూసినా అంకె తగ్గుతుంది. అందుచేత కుందిని నీళ్లలో ఒకసారి వంచి బుడగలు పోయాక మళ్లీ చూడండి. లక్క నింపిన పీఠమని తేలితే ఆ కుందిని వేడినీళ్లలో ముంచవద్దు, లక్క కరిగి కారుతుంది.

కొత్త కుందుల మీద పసుపు మెరుపు ఏళ్ల తరబడి ఉండేందుకు పారదర్శకమైన వార్నిష్ పూత వేస్తుంటారు. గోటితో గీరితే పొరలా లేస్తే అది వార్నిషే. అలంకారానికి అయితే ఉంచుకోండి గాని వెలిగించే కుందికి అది తగదు, ముక్కు దగ్గర వేడికి మాడి నల్లని పెచ్చులు కడుతుంది, వాసన కూడా వేస్తుంది.

కొత్తది కొనదలచినవారు పోతపోసినదాన్ని ఎంచుకోండి, రేకును నొక్కి చేసినదాన్ని వద్దనుకోండి. పోత కుంది చేతికి బరువుగా, అడుగున కొంచెం గరుకుగా ఉంటుంది. రేకు కుంది లోపలి నుంచి కూడా బయటి నగిషీ ఆకారమే కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బూడిథి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది, మా వైపు వారికి అది పెద్ద దూరమేమీ కాదు. గంజాం జిల్లా బెలగుంఠ కంసారీలు (కంచరులు) ఒళ్లంతా వంగే ఇత్తడి చేపలకు పేరుపొందారు. ఒడియా దుకాణంలో కుంది అని అడిగితే అర్థం కాకపోవచ్చు. ఇత్తడిని పిత్తళ అని, నిలువు సెమ్మెను దీపరుఖా అని, వత్తిని బళితా అని అడగండి.

2. పులుపు కంటే ముందు జిడ్డు తీయండి

ఎంత తోమినా నలుపు వదలడం లేదని అడిగేవారిలో ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. కాలిన నూనె నెలల తరబడి పేరుకుని బంకలాగా, ఆ తరువాత గట్టి పొరలాగా మారుతుంది. ఆ పొర మీద ఎంత చింతపండు రుద్దినా పులుపు లోహాన్ని తాకదు. పైన రుద్దిన చోటల్లా చెయ్యి జారుతుంది, మనకు విసుగు పుట్టి ఇనుప పీచు అందుకుంటాం, దానితో గీతలు పడతాయి, ఆ గీతల్లో మరుసటి నెల మసి మరింత గట్టిగా కూర్చుంటుంది.

సెమ్మె అయితే ముందు మరలు విప్పి భాగాలు విడదీయండి. మర బిగిసిపోయి ఉంటే ఆ చోట నాలుగు చుక్కల నూనె వేసి రాత్రంతా వదిలి ఉదయం గుడ్డతో పట్టుకుని తిప్పండి, పట్టకారు వేస్తే మర వంకరపోతుంది. చెయ్యి కాలనంత వేడి ఉన్న లీటరు నీళ్లలో చెంచాడు చాకలి సోడా కలిపి కుందిని అరగంట నాననివ్వండి. తరువాత నూనె గుంటలోని మడ్డిని వెదురు పుల్లతో గీకి, నగిషీ సందులను బ్రష్షుతో రుద్ది కడగండి. చాకలి సోడా చేతులను మండిస్తుంది కనుక చేతులకు ముందే కొబ్బరి నూనె రాసుకోవడం గాని తొడుగులు వేసుకోవడం గాని మంచిది. లక్క పీఠం ఉన్నవాటికి నానబెట్టడం మాని, సోడా నీళ్లలో ముంచిన గుడ్డను నూనె గుంట చుట్టూ చుట్టి ఉంచండి.

జిడ్డు పోయిందో లేదో తెలుసుకోవడం సులువు. కుంది మీద నీళ్లు పోసి వంచి చూడండి. నీరు పలుచని పొరలా అంతటా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. తామరాకు మీద నీటిబొట్టులా ఎక్కడైనా గుండ్రంగా నిలిస్తే అక్కడ నూనె ఇంకా ఉన్నట్టు, అంతవరకే మళ్లీ సోడా పట్టించండి.

3. చింతపండు పట్టించడం, సమయానికి కడగడం

చింతపండును వేడినీళ్లలో నానబెట్టి చిక్కని గుజ్జు తీసి అందులో చెంచాడు ఉప్పు కలపండి. గుజ్జును కొబ్బరి పీచుతో కుందికంతా పట్టించి అయిదు నిమిషాలు ఆగండి, మహా అయితే పది నిమిషాలు. ఆ కొద్దిసేపట్లోనే నల్లని కుంది మీద ముందు మట్టిరంగు నురగ వచ్చి, దాని కింద నుంచి లేత పసుపు బయటపడటం కంటికి కనిపిస్తుంది. వెంటనే పీచుతో ఒకే దిశలో రుద్ది నీళ్లతో కడగండి. ఇంకా నలుపు ఉంటే మళ్లీ కొత్త గుజ్జుతో రెండో విడత చేయాలి గాని మొదటి విడతనే గంటల తరబడి ఉంచకూడదు.

ఎందుకు చెబుతున్నానంటే, పెళ్లయిన మొదటి కార్తికంలో అత్తగారి జత కుందులను రాత్రి చింతపండు నీళ్లలో వేసి పడుకున్నాను, తెల్లారేసరికి తళతళలాడతాయని నా నమ్మకం. తెల్లారేసరికి అవి గులాబీ రంగు తిరిగి, మచ్చలు మచ్చలుగా కనిపించాయి. పులుపులో ఎక్కువసేపు ఉంటే ఇత్తడిలోని తుత్తునాగం ముందుగా కరిగిపోయి పైపొరలో రాగి మిగులుతుంది, ఆ ఎరుపు రాగిది. ఆమె నన్ను ఏమీ అనలేదు గాని, వారం పాటు రోజూ బూడిదతో తోమించి ఆ పొర అరిగేదాకా వదలలేదు. మీ కుందికి ఇలా జరిగితే చేయవలసింది కూడా అదే. జల్లించిన బూడిదను తడి గుడ్డకు అద్ది కొంచెం కొంచెంగా రుద్దుతూ పోతే పైపొర అరిగి పసుపు బయటపడుతుంది. ఎరుపు మచ్చకు మందుగా మళ్లీ నిమ్మకాయ రుద్దేవారు ఉన్నారు, దానితో మచ్చ ఇంకా పెరుగుతుంది.

చింతపండు లేకపోతే నిమ్మచెక్కను ఉప్పులో అద్ది రుద్దవచ్చు, అది ఇంకా త్వరగా పనిచేస్తుంది కనుక రెండు మూడు నిమిషాలకే కడగాలి. దుకాణంలో దొరికే పీతాంబరి పొడి కూడా పనికి వస్తుంది, తడి చేతితో కొద్దిగా తీసుకుని రుద్ది బాగా కడిగితే చాలు. సీసాల్లో వచ్చే లోహపు పాలిష్ ద్రవాలను నూనె గుంటకూ ముక్కుకూ పూయకండి, వాటిలో త్వరగా అంటుకునే ద్రావకాలు ఉంటాయి. పూసినట్లయితే సబ్బుతో కడిగి, ఆరి, వాసన పూర్తిగా పోయాక మాత్రమే వెలిగించండి.

అమోనియా ఉన్న శుభ్రపరిచే ద్రవాలు ఇత్తడికి పనికిరావు. దీని వెనుక ఒక పాత కథ ఉంది. మన దేశంలో బ్రిటిష్ సైన్యం గుర్రపు శాలల దగ్గర దాచిన తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలం పోయేసరికి వాటంతట అవే చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా ఆవిరీ, నొక్కి చేసిన ఇత్తడిలో నిలిచిపోయిన బిగువూ కలిసి ఆ పని చేస్తున్నాయని 1921లో తేల్చి చెప్పారు. రేకు కుందుల్లోనూ అలాంటి బిగువు ఉంటుంది. పశువుల సాల గోడకు ఆనుకున్న గూట్లో దాచిన రేకు కుంది పడకుండానే పగుళ్లిచ్చిందంటే అపశకునం అనుకోనక్కరలేదు.

పచ్చగానో నీలంగానో పొడిలా పట్టిన చిలుము వేరే సంగతి. అది రాగి లవణం, కడుపులోకి పోతే మంచిది కాదు. పొడిగా గీకితే గాలిలో లేస్తుంది కనుక తడిపి గీకండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ చింతపండు గిన్నెను మళ్లీ వంటకు వాడవద్దు.

4. కడిగిన వెంటనే తుడవండి

పులుపు పోయేదాకా రెండు మూడు నీళ్లలో కడిగి, బియ్యప్పిండి గాని బూడిద గాని పొడిగా చల్లి గుడ్డతో రుద్దండి. ఈ పొడి రుద్దుడే మెరుపునిస్తుంది, పులుపు ఇచ్చేది శుభ్రత మాత్రమే. తరువాత ఎండలో పది నిమిషాలు పెట్టండి. తడి మీద వదిలేస్తే గంటలోనే గోధుమరంగు చారలు పడతాయి, గోపాలపూర్ వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఇంకా త్వరగా పడతాయి. తెల్లని గుడ్డతో ఒకసారి గట్టిగా తుడిచి చూడండి, గుడ్డకు నలుపు అంటకపోతే పని పూర్తయినట్టు. నగిషీ లోతుల్లో కొంచెం నలుపు మిగిలితే ఉండనివ్వండి. ఆ నీడ ఉంటేనే లతలూ హంసలూ స్పష్టంగా కనిపిస్తాయి. అది కూడా పోవాలని పట్టుబట్టి తోమిన కుందుల మీద కొన్నేళ్లకు హంస ముక్కు అరిగి బాతు అయిపోవడం నేను చూశాను.

మరలు బిగించేటప్పుడు నూనె గుంట అడుగున ఉన్న రంధ్రం దగ్గర నూనె కారుతుందేమో ముందే చూసుకోవాలి. గుంటలో నూనె పోసి, అడుగున తెల్ల కాగితం పరచి గంటసేపు ఉంచండి. కాగితం మీద మరక పడితే కంచరి దగ్గర మాటు వేయించుకోండి, అంతవరకు ఆ కుందిని పళ్లెంలో మాత్రమే వెలిగించండి. మైనమో, ఇంటి జిగురో పెట్టి సరిపెట్టుకుంటే దీపం వేడికి కరిగి మళ్లీ మొదటికే వస్తుంది.

5. వత్తి

దీపం సరిగా వెలగకపోవడానికి పదిలో ఎనిమిదిసార్లు వత్తే కారణమని నా అనుభవం. గింజలు తీసిన పత్తిని విడదీసి, పొడుగ్గా సాగదీసి, కొద్దిగా విభూది అద్దిన అరచేతుల మధ్య వదులుగా పేనండి. రోజూ వెలిగించే చిన్న కుందికి అగరబత్తి పుల్ల కంటే కొంచెం లావుగా ఉంటే చాలు. బిగించి పేనితే నూనె పైకి ఎక్కదు, మరీ వదులైతే నూనె ఎక్కువ తాగి మంట పొగలు కక్కుతుంది. పొడవు గుంట అడుగు నుంచి ముక్కు దాకా వచ్చి, పైన కొద్దిగా మిగిలేలా ఉండాలి. మన ఇళ్లలో ఒంటి వత్తి పెట్టరు, రెండు పోగులను కలిపి ఒక్కటిగా వేస్తారు; సంప్రదాయం మాట అలా ఉంచినా రెండు పోగుల మధ్య సందులో నూనె చక్కగా ఎక్కుతుంది.

దుకాణంలో కొన్న వత్తుల్లో కృత్రిమ నూలు కలిసి ఉందేమో చూసుకోండి. నూనె లేకుండా ఒక వత్తిని పటకారుతో పట్టుకుని కాల్చండి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వేసి మెత్తని బూడిద అవుతుంది, కృత్రిమ నూలు అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. రెండో రకం వత్తి ముక్కు దగ్గర నల్లగా అతుక్కుని, గీకినా రాదు.

6. నూనె

నువ్వుల నూనె అన్ని కాలాలకూ సరిపోతుంది. ఆవు నెయ్యి మంట నిర్మలంగా ఉంటుంది. ఆముదం చిక్కన, వత్తిలో నిదానంగా ఎక్కుతుంది కనుక దానికి వత్తి కొంచెం లావుగా వేయాలి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. కోరాపుట్, రాయగడ కొండల మీద చలికాలపు తెల్లవారుజామున అది గుంటలో గడ్డకట్టి, వత్తి కొసన ఉన్నంత మేర కాలి దీపం కొండెక్కుతుంది. ఆ నెలల్లో నువ్వుల నూనెకు మారండి, లేదా గడ్డకట్టిన నూనెను గోరువెచ్చగా కరిగించి పోయండి. దీపారాధన నూనె అని అమ్మే సీసాల మీద ఏయే నూనెలు కలిపారో చదవండి. వంట చేసి మిగిలిన నూనెలో నీరూ ఉప్పూ మసాలా పొడులూ ఉంటాయి కనుక చిటపటలాడుతుంది, అది దీపానికి వద్దు.

7. వెలిగించడం

కుందికి గంధం, పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, పీఠం దగ్గర పువ్వూ అక్షతలూ ఉంచండి. దేవుడి పూజ కంటే ముందు దీపానికి పూజ జరగడం మన ఇళ్లలో ఉన్న వరుస. కుంకుమ బొట్టు ముక్కుకు దూరంగా, కాండం మీదో పీఠం మీదో పెట్టండి. ముక్కు మీద పెడితే నూనెలో కలిసి వత్తికి చేరుతుంది. గుంటలో ముందు నూనె పోసి తరువాత వత్తి వేయండి. వత్తి అంతా నూనెలో తడిసేలా ఒకసారి ముంచి తీసి, కొసను ముక్కు మీదికి కందిగింజంత మాత్రమే బయటికి ఉంచండి. ముక్కు తూర్పుకు గాని ఉత్తరానికి గాని ఉండేలా పెట్టడం వాడుక, దక్షిణ ముఖం చేయరు. అగ్గిపుల్లతో నేరుగా అంటించకుండా ఏకహారతితోనో అగరబత్తితోనో అంటిస్తే, సంప్రదాయం నిలవడంతో పాటు విరిగిన అగ్గిపుల్ల తల నూనెలో పడే బెడద కూడా తప్పుతుంది.

మా వీధిలో ఒడియా పొరుగువారు తులసి చఉరా దగ్గర సంజబతి పెట్టే వేళకే మేమూ తులసికోట దగ్గర సందె దీపం పెడతాం. బయట పెట్టే దీపానికి గాలి అడ్డుగా గూడు ఉన్న కోట గాని, గాజు చిమ్నీ గాని కావాలి. ఇత్తడి కుందిని రాత్రి మంచులో బయటే వదిలేయవద్దు, దీపం కొండెక్కాక లోపలికి తెచ్చుకోండి.

8. మంటను చూసి దిద్దుకోండి

వెలిగించి వెళ్లిపోకుండా అయిదు నిమిషాలు దగ్గర కూర్చోండి. మంట కదలకుండా, మల్లెమొగ్గ ఆకారంలో, కొస నుంచి పొగ దారం లేకుండా ఉండాలి. మంటకు జానెడు పైన తెల్లని పింగాణీ సాసరును నిమిషం పట్టుకుని చూడండి. మసి చార పడకపోతే దీపం బాగున్నట్టు. పడితే వత్తి పొడవు ఎక్కువైంది, పుల్లతో లోపలికి లాగండి. పూజగది గోడలు నల్లబడే ఇళ్లలో నేను చూసినంతలో కారణం వత్తి పొడవే. దీపం పెద్దగా ఉంటే మంచిదని వత్తిని వేలెడంత బయటికి లాగుతారు.

మంట చిన్నదై నీలంగా వణుకుతుంటే నూనె అందడం లేదు. గుంటలో నూనె మట్టం ముక్కుకు మరీ కిందికి దిగిందేమో చూడండి. వత్తి నూనెను కొంత ఎత్తు వరకే పైకి లాగగలదు కనుక గుంటలో సగం నూనె ఉన్నా దీపం కొండెక్కవచ్చు. మట్టం సరిగానే ఉంటే వత్తి కొసన నల్లని గడ్డ కట్టిందేమో చూసి, పుల్లతో దాన్ని రాల్చి వత్తిని కొద్దిగా ఎగదోయండి. చిటపట చప్పుడు వస్తే నీరు చేరింది: కడిగిన కుంది మర సందుల్లో తడి మిగిలి ఉండవచ్చు, లేదా తడి చేతితో వత్తి వేసి ఉండవచ్చు. మంట ఒక పక్కకే వాలుతుంటే ఫ్యానో కిటికీయో చూసుకోండి. పావుగంటకే కొండెక్కుతోందని అడిగినవారి సమస్య ఈ నాలుగింటిలో ఒకటై ఉంటుంది.

ఒక్కసారి నూనె కొలిచి పోసి ఎంతసేపు వెలిగిందో గడియారం చూసి రాసుకోండి. మా చిన్న కుంది మూడు చెంచాలతో సందె నుంచి భోజనాల వేళ దాకా వస్తుంది. మీ వత్తి లావును బట్టి అది మారుతుంది. ఆ అంకె తెలిస్తే కార్తికం మొత్తానికి ఎంత నూనె కొనాలో, నవరాత్రుల అఖండ దీపానికి రాత్రి ఎన్ని గంటలకు లేచి నూనె పోయాలో తేలిపోతుంది.

9. జాగ్రత్తలు, కొండెక్కించడం

చెక్క పూజామందిరంలో పై అరకు కింద కుంది పెట్టకూడదు, పై చెక్కను చేత్తో తాకితే వేడి మీకే తెలుస్తుంది. తెరలు, గ్యాస్ సిలిండరు, కర్పూరం డబ్బా, చేతులకు రాసుకునే శానిటైజరు దగ్గర లేకుండా చూసుకోండి. అయిదు వత్తుల కుందిలో అయిదూ పొడుగ్గా వేస్తే మధ్య నూనె వేడెక్కి నూనె మొత్తం అంటుకోవచ్చు. అలా జరిగితే నీళ్లు పోయవద్దు, మండే నూనె ఎగిరి పడుతుంది. పెద్ద పళ్లెమో మూతో బోర్లించి గాలి అందకుండా చేస్తే చాలు. ఆ మూత ముందే దగ్గర పెట్టుకోండి.

దీపాన్ని నోటితో ఊదరు. వత్తిని పుల్లతో వెనక్కి నూనెలోకి లాగితే దానంతట అదే కొండెక్కుతుంది, పొగ కూడా రాదు. పువ్వుతో ఒత్తేవారు ఆ పువ్వును గుంటలో వదిలేయకుండా తీసేయాలి, తేమ వల్ల మరునాడు చిటపటలాడుతుంది. ముక్కు చాలాసేపు వేడిగానే ఉంటుంది కనుక పావుగంట దాకా ముట్టుకోవద్దు.

10. రోజువారీ సంరక్షణ, దాచడం

రోజూ చింతపండుతో తోమనక్కరలేదు, తోమకూడదు కూడా. రోజూ కాలిన వత్తి తీసేసి, మిగిలిన నూనెను పొడి గుడ్డతో తుడిచి కొత్త నూనె పోయండి. వారానికి ఒకసారి, చాలా ఇళ్లలో గురువారం సాయంత్రం, వేడినీళ్లూ బూడిదా చాలు. పులుపు నెలకు ఒకసారి, పర్వదినాల ముందు. తోమిన కుందిని వట్టి వేళ్లతో పట్టుకుంటే చెమటకు వేలిముద్రలు నల్లగా తేలతాయి కనుక గుడ్డతో పట్టుకోండి.

కార్తికం అయ్యాక దాచేటప్పుడు సెమ్మె మరలు విప్పి, జిడ్డు లేకుండా కడిగి ఎండబెట్టి, ఒక్కొక్క భాగాన్ని పాత నూలు పంచె ముక్కలో విడివిడిగా చుట్టండి. వార్తాపత్రికలో చుడితే దాని సిరా అంటుకుంటుంది. మూట విడిపోకుండా రబ్బరు బ్యాండు వేసేవారు ఆ అలవాటు మానుకోవాలి. రబ్బరులోని గంధకం తగిలిన చోట గీసినట్టు నల్లని గీత పడుతుంది, ఏడాది తరువాత విప్పి చూసి ఎవరో పెన్నుతో గీశారని పిల్లలను తిట్టవలసి వస్తుంది. నూలు దారంతో కట్టి, తడి చేరని అటక మీద, మూత లేని చెక్కపెట్టెలో ఉంచండి. వానాకాలంలో ఒకసారి, రథయాత్ర ముగిశాక ఎండ కాసిన రోజు చూసి మూటలు విప్పి గాలి తగలనిస్తే, దసరాకు కుందులు దించినప్పుడు ఒక్క విడత గుజ్జుతోనే పని అయిపోతుంది.